మంచుకొండ నీడ

సింగపూర్‌లో, పాయా లేబర్‌లో మా ఆఫీసు పని ఉపగ్రహ చిత్రాలు చదవడం. ఏ రేవులో ఓడలు ఆగిపోయాయి, ఏ అడవి ఎంత మేర పలచబడింది, ఏ ఊళ్లో వరద ఎందాకా వచ్చింది, ఇలాంటివి ఫొటోల్లోంచి చూసి చెబుతాం. ఒక విశ్వవిద్యాలయం వాళ్ల దగ్గర్నుంచి అంటార్కిటికా పని వచ్చిన రోజు మీటింగులో ఎవరూ తల ఎత్తలేదు. రేవుల పని చేస్తే నలుగురికీ తెలుస్తుంది, పెంగ్విన్ల పని చేస్తే ఎవరికి తెలుస్తుంది? నేను అప్పటికి కొత్తగా చేరాను కాబట్టి అది నా బల్ల మీదికి వచ్చింది.

చూడాల్సింది ఒక్కటే చోటు. మంచు ఖండం అంచున సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఒక అగ్రం. ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతం తాలూకు నల్లరాయి, దాని వెనక కంటికి ఆనినంత మేరా మంచు, ముందు సముద్రం. అక్కడ మనుషులు ఉండరు. ఓడలు వెళ్లడం కూడా అరుదు. వేసవిలో ఆ రాతి వాలు మీద చిన్న జాతి పెంగ్విన్లు గులకరాళ్లు పోగేసుకుని గుడ్లు పెడతాయి. చలికాలంలో, కింద గడ్డకట్టిన సముద్రం మీద, పెద్దవి, ఎంపరర్ పెంగ్విన్లు, గూడూ రాయీ ఏమీ లేకుండా ఉత్త మంచు మీదే పిల్లల్ని చేస్తాయి. రెండు జాతులకీ ఆ ఒక్క కొండ చివరే పురిటి ఊరు.

అంత ఎత్తు నుంచి పక్షి కనబడదు. కనబడేది రెట్ట. వేల పక్షులు ఒకేచోట నెలల తరబడి నిలబడితే మంచు మీద గోధుమరంగు మరక పడుతుంది. రాతి మీదయితే కాస్త గులాబీ ఛాయలో ఉంటుంది. ఆ మరక ఎంత పరుచుకుందో, ఎంత చిక్కగా ఉందో చూసి కాలనీ ఎలా ఉందో అంచనా కడతారు. వాళ్ల పత్రాల్లో కాలనీ, కాలనీ అని రాసి ఉంటే నాకు మొదట్లో కాకినాడలో మేం అద్దెకున్న టీచర్స్ కాలనీ గుర్తొచ్చేది.

మేం యూ టీ అనే పేటలో ఉంటాం. నేనూ, బ్యాంకులో సాఫ్ట్‌వేర్ చూసే మా ఆయనా, మా అమ్మాయీ. అమ్మాయి ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం చివర ‘లా’ తగిలించే ఇక్కడి ఇంగ్లీషులో వస్తుంది. ఒకరోజు నా వెనక నిలబడి లాప్‌టాప్‌లోకి చూసింది.

“వాట్ ఈజ్ దట్ బ్రౌన్ థింగ్?”

“పెంగ్విన్ల రెట్టే.”

“సో యువర్ జాబ్ ఈజ్ లుకింగ్ ఎట్ పూ, లా.”

“మరి అంతే.”

ఆ మాటే స్కూల్లో అందరికీ చెప్పిందని తర్వాత తెలిసింది.

ఈ పని ఇచ్చిన శాస్త్రవేత్త ఒక పెద్దావిడ. న్యూజిలాండ్‌లో ఉంటుంది. వారం వారం వీడియోలో మాట్లాడుకునేవాళ్లం. పొట్టి తెల్లజుట్టు, చలిగాలికి కమిలి కమిలి రంగు మారిపోయిన బుగ్గలు. యౌవనంలో మొదటిసారి ఆ అగ్రానికి వెళ్లిందట. ఆ తర్వాత వీలు దొరికినప్పుడల్లా వెళుతూనే ఉంది. ఆవిడ దగ్గర లెక్కల కన్నా కబుర్లే ఎక్కువ ఉండేవి. నేను తప్పించుకోవడానికి ప్రయత్నించేదాన్ని కాదు. అసలు వారమంతా నేను ఎదురుచూసింది ఆ కబుర్ల కోసమేనేమో.

“ఆ వాలు మీద తవ్వితే ఏముంటుందో తెలుసా?” అంది ఒకసారి.

“రాయే కదా?”

“రాయి చాలా లోతున ఉంటుంది. పైన అంతా వాళ్లే. ఈకలు, ఎముకలు, గుడ్ల పెంకులు, గులకరాళ్లు, మళ్లీ ఈకలు. పొర మీద పొర. అక్కడ ఏదీ కుళ్లదు. నేను వెళ్లిన మొదటి ఏడు దారిలో ఒక పిల్ల చచ్చి పడి ఉంది. నిన్న చచ్చిందనుకున్నాను. నాతో వచ్చినాయన నవ్వి, అది కొన్ని వందల ఏళ్ల కిందటిది అన్నాడు.”

నేను ఆ మాట విన్నది సింగపూర్‌లో కూర్చుని. ఇక్కడ వారం రోజులు తీయకుండా ఉంచితే తోలు బెల్టుకి బూజు పడుతుంది. పప్పు డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే పురుగు. నేను పుట్టిన ఊళ్లోనూ అంతే, తడి, ఉక్క, కుళ్లు, మళ్లీ మొలక. చచ్చినది చచ్చినట్టుగా వందల ఏళ్లు పడి ఉండే చోటొకటి ఈ భూమి మీదే ఉందని, పక్కనే దాని మునిమనవల మునిమనవలు గులకరాళ్ల కోసం కొట్టుకుంటున్నాయని అనుకుంటూ ఆ రోజు ఎంఆర్‌టీ రైల్లో నిలబడి దిగాల్సిన స్టేషను దాటిపోయాను.

ఇదంతా మొదటి ఏడాది. నేను చెప్పాలనుకున్నది రెండో ఏడాది జరిగింది.

ఏప్రిల్ చివరికి ఆ అగ్రం మీద సూర్యుడు అస్తమిస్తాడు. మళ్లీ ఉదయించేది ఆగస్టులో. మా చిత్రాలన్నీ పగటి వెలుతురుతో తీసినవే కాబట్టి ఆ నాలుగు నెలలూ మాకు ఏమీ రాదు. చీకట్లో చూసే రాడార్లు వేరే ఉన్నాయి గానీ వాటికి మంచు గరుకు తెలుస్తుంది, మరక తెలియదు. అవి మా పనిలో లేవు కూడా. నేను రేవులు చూసుకునేదాన్ని.

కానీ అసలు కథంతా జరిగేది ఆ చీకట్లోనే. ఎంపరర్ ఆడపక్షి ఒక్క గుడ్డు పెట్టి, దాన్ని మగపక్షి పాదాల మీదికి దొర్లించి, తిండి కోసం సముద్రానికి వెళ్లిపోతుంది. మగది ఆ గుడ్డుని పాదాల మీదే ఉంచుకుని, పొట్ట కింది చర్మపు మడత దాని మీద కప్పి, నిలబడుతుంది. గుడ్డు జారి మంచు మీద పడితే కాసేపట్లో గడ్డకట్టిపోతుంది. అందుకని అది నిలబడే ఉంటుంది. తినదు. ఊపిరి కూడా గడ్డకట్టే చలి, మనిషిని ఎత్తి పడేసే గాలి. వేల మగపక్షులు ఒకదానికొకటి ఒత్తుకుని, ఒక్క ముద్దలా నిలబడతాయి. ఇలా నెలల తరబడి.

ఇదంతా నేను ఒక ఆదివారం హౌగాంగ్‌లో ఉండే మా ఆయన మేనత్తకి చెప్పాను. ఆవిడ పెళ్లయి ఈ దేశం వచ్చి నలభై ఏళ్లు దాటింది. చుట్టూ తమిళులూ మలయ్ వాళ్లూ ఉన్న బ్లాకులో బతుకంతా గడిచింది కాబట్టి ఆవిడ తెలుగులో అన్నీ కలిసిపోయి ఉంటాయి.

“మగవాళ్లా? మగవాళ్లే మోస్తారా?” అన్నారు, చేతిలో చిక్కుడుకాయ ఆపి.

“అవునత్తయ్యా. ఆడవాళ్లు సముద్రానికి పోతారు.”

“మకాన్? తిండి?”

“వాళ్లకి ఉండదు. ఒంట్లో కొవ్వు కరిగించుకుంటూ ఉండటమే.”

“అలామా.” కాసేపు చిక్కుడుకాయలు ఒలిచి, సోఫాలో ఫోను చూసుకుంటున్న మా ఆయన వైపు తిరిగారు. “ఏరా, విన్నావా?”

“విన్నా విన్నా,” అన్నాడు ఆయన, తల ఎత్తకుండా.

ఆగస్టులో ఇక్కడ ప్రతి బ్లాకు వరండాలోనూ జెండాలు వేలాడుతుంటాయి. ఆ జెండాలు ఇంకా తీయకముందే మొదటి చిత్రం వచ్చింది. సూర్యుడు అక్కడ అప్పుడప్పుడే నేల అంచు మీదికి తొంగి చూస్తున్నాడు. చిత్రమంతా నీలిబూడిద రంగులో, నీడలు సాగి సాగి ఉన్నాయి. అగ్రం నాకు కంఠతా వచ్చు. ఏ గట్టు ఎక్కడ వంగుతుందో, ఏ లోయలో మంచు ముందు కరుగుతుందో కళ్లు మూసుకుని గీయగలను. కానీ ఆ రోజు తప్పు చోటు తెరిచాననుకుని మూసేసి మళ్లీ తెరిచాను.

కొండ కింద, ఏటా కాలనీ నిలబడే చోట, ఒక తెల్లటి గోడ ఉంది.

మంచుకొండ. చీకటి నెలల్లో ఎక్కడి నుంచో కొట్టుకొచ్చి, అగ్రం ముందు సముద్రపు అడుగు తగిలి ఆగిపోయింది. పైన బల్లలా చదును. ఒక చిన్న పట్నమంత ఉంది. అది వచ్చిన దారిలో గడ్డకట్టిన సముద్రమంతా పలకలు పలకలుగా చిట్లి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కి, గుట్టలు గుట్టలుగా పడి ఉంది. నేను దగ్గరికి లాక్కుని చూశాను. గోధుమరంగు ఎక్కడా లేదు.

శాస్త్రవేత్తకి చిత్రం పంపి, వెంటనే మాట్లాడాలని అడిగాను. ఆవిడ తెర మీదికి వచ్చేసరికి చిత్రం చూసేసి ఉంది.

“అది ఎప్పుడు వచ్చి ఉంటుంది?” అన్నాను.

“తెలీదు. చీకట్లో.”

“గుడ్లు పెట్టాకా, ముందా?”

 ఇద్దరం ఒకే బొమ్మని రెండు దేశాల్లోంచి చూస్తున్నాం. ఆవిడ మెల్లగా అంది, “గుడ్లు పెట్టాక అయితే, ఆడపక్షులు సముద్రంలో ఉన్నాయి. మగవాళ్లు దాని దారిలో నిలబడి ఉన్నారు.”

ఆ తర్వాత కొన్ని వారాలు నేను ఆ తెల్లదనంలో వెతుకుతూనే ఉన్నాను. ఆఫీసు పని అయ్యాక కూడా ఇంట్లో తెరిచి కూర్చునేదాన్ని. తూర్పు వైపు తీరమంతా చూశాను. పడమటి వైపు మంచు పలకలు ఒక్కొక్కటీ చూశాను. రెండు మూడుసార్లు ఏదో మసక కనబడితే దగ్గరికి లాక్కుని చూశాను. ఒకటి రాయి, ఒకటి గాలికి ఎగిరొచ్చిన దుమ్ము, ఒకటి సీల్ జంతువులు పడుకున్న చోటు. మా ఆఫీసులో పెద్దాయన, నెమ్మదస్తుడే, నా బల్ల దగ్గర ఆగి, “లేవు అని రాయడం కూడా రిపోర్టే కదా,” అన్నాడు. నిజమే. కానీ ఆ ఒక్క మాట టైపు చేయడానికి నాకు చేతులు రాలేదు.

మా అమ్మాయి రోజూ స్కూలు బస్సు దిగుతూనే అడిగేది. “ఫౌండ్ ఆల్రెడీ?”

“లేదమ్మా.”

“మేబీ దే షిఫ్ట్ హౌస్.”

సెప్టెంబరు చివర్లో ఒక శనివారం, మధ్యాహ్నం, దాన్ని తీసుకుని స్టేషను పక్కన హాకర్ సెంటర్‌కి భోజనానికి బయలుదేరాను. దానికి నా నీడ మీద కాలేసి నడవడం ఆట. ఆ రోజు రోడ్డు దాటుతూనే ఆగిపోయింది.

“మమ్మీ, నో షాడో. హౌ టు ప్లే?”

కిందికి చూశాను. నిజంగానే లేదు. ఏడాదికి రెండుసార్లు ఈ ఊళ్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నీడ అరికాళ్ల కిందికి దూరిపోతుంది. అమ్మాయి తన చుట్టూ తానే తిరిగి వెతుక్కుంటోంది. నేను ఎండలో అలాగే నిలబడిపోయాను. ఇదే సూర్యుడు ఇదే నిమిషంలో అక్కడ నేల అంచుని రాసుకుంటూ పోతున్నాడు. అక్కడ గడప ఎత్తు మంచు దిమ్మెకి కూడా బారెడు నీడ. అలాంటప్పుడు ఆ మంచుకొండకి?

మా దగ్గరికి వచ్చే చిత్రాలన్నీ అక్కడి మధ్యాహ్నం వేళవే. సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. మంచుకొండ నీడ దక్షిణంగా పడుతుంది. అంటే దానికీ అగ్రానికీ మధ్య ఉన్న మంచు మీద. నేను ఇన్ని వారాలూ తెల్లగా ఉన్న చోటల్లా వెతికాను. నల్లగా ఉన్న చోటుని నీడ అని దాటేశాను.

భోజనం ఏం తిన్నామో గుర్తు లేదు. టిష్యూ ప్యాకెట్ పెట్టి ఇది మాదని చోప్ చేసుకున్న టేబుల్ దగ్గరే శాస్త్రవేత్తకి మెసేజి రాశాను. నీడ ఇంకో వైపు పడే వేళ తీసిన చిత్రం కావాలి, సాయంత్రానిదైతే మంచిది అని. ఆవిడ ఎందుకని అడగలేదు. చూస్తాను అని మాత్రం రాసింది.

రావడానికి రోజులు పట్టింది. ఆ అగ్రం మీదుగా ఆ వేళకి వెళ్లే ఉపగ్రహం వేరే. అది వెళ్లినప్పుడల్లా మబ్బు. చివరికి ఒక సాయంకాలం, ఆఫీసులో సగం మంది వెళ్లిపోయాక, చిత్రం నా ముందుకొచ్చింది. సూర్యుడు పడమట ఉన్నాడు. మంచుకొండ నీడ తూర్పుకి జరిగిపోయింది. ఇన్నాళ్లూ నల్లగా ఉన్న ఇరుకు సందు, కొండ రాతికీ మంచుగోడకీ మధ్య, వెలుతురులో పడి ఉంది.

దాని పొడవునా, వంకర తిరిగిన దారంలా, గోధుమరంగు.

నాకు మొదట నమ్మకం కలగలేదు. రాయేమోనని పోయినేడాది చిత్రంతో కలిపి చూశాను. రాయి కాదు. మట్టేమోనని రంగు చూశాను. మట్టి కాదు. ఇంకా దగ్గరికి లాగాను. మరక చివర్లలో నల్లటి నలుసులు, ముద్దలు ముద్దలుగా. నేను కుర్చీ వెనక్కి జరిపి, చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకున్నాను. పక్క బల్ల మీద పనిచేసే చైనీస్ అమ్మాయి కంగారుగా లేచి వచ్చింది, ఇంటి దగ్గర ఏమైనా జరిగిందా అని.

“లేదు. అందరూ ఉన్నారు,” అన్నాను. ఆ అమ్మాయికి ఏం అర్థమైందో నాకు తెలీదు.

శాస్త్రవేత్త ఆ చిత్రం చూస్తూ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

“పాత చోటు నుంచి ఇది ఎంత దూరం?” అంది. ఆవిడకి నాకన్నా బాగా తెలుసు. అయినా నా నోటితో వినాలనుకుంది. చెప్పాను. సింగపూర్‌లో అయితే రెండు ఎంఆర్‌టీ స్టేషన్ల మధ్య దూరం ఉంటుంది. మధ్యలో అంతా చిట్లి లేచిన మంచు.

“ఆ మంచుకొండ గుడ్లు పెట్టాక వచ్చి ఉంటే, వాళ్లు గుడ్లు తీసుకుని నడిచారు,” అంది.

 పాదాల మీద గుడ్డు ఉన్నప్పుడు ఆ పక్షి అడుగు తీసి అడుగు వేయలేదు. మడమలు ఈడ్చుకుంటూ, వేలెడు వేలెడు జరగాలి. చుట్టూ కటిక చీకటి. కింద కాళ్లు నిలబడిన మంచే పగులుతోంది. వెనక నుంచి ఒక పట్నమంత గోడ, గంటకి ఎంతో కొంత, దగ్గరికొస్తోంది. దాని ముందు వేలమంది తండ్రులు, పాదాల మీద ఒక్కొక్క గుడ్డుతో, పగుళ్లు తప్పించుకుంటూ, గట్లు చుట్టి వచ్చి, చివరికి ఆ గోడకీ కొండకీ మధ్య దూరి నిలబడ్డారు. ఎంతమంది దారిలో పోగొట్టుకున్నారో తెలీదు. ఎన్నాళ్లు నడిచారో తెలీదు. ఎవరు ముందు కదిలారో, మిగిలినవాళ్లు ఎందుకు నమ్మి వెనక వెళ్లారో తెలీదు. చూసిన కన్ను ఒక్కటి లేదు.

“మరి ఆడవాళ్లు? తిరిగొచ్చేసరికి పాత చోటు లేదు కదా,” అన్నాను.

“గొంతు. మగవాళ్లు పిలిస్తే ఆ గొంతు ఆనవాలు పట్టి వస్తారు. గోడ చుట్టూ తిరిగి వచ్చి ఉంటారు.” ఆగి, “ఇన్నేళ్లూ నాకు వాళ్లు తెలుసనుకున్నాను,” అంది.

ఇంటికి వెళ్లాక అమ్మాయికి చెప్పాను. అది ఎగిరి గంతేస్తుందనుకున్నాను. అలా చేయలేదు. హాల్లో లేచి నిలబడి, రెండు పాదాలూ దగ్గరికి చేర్చి, వాటి మీద సాక్స్ ఉండ ఒకటి పెట్టుకుంది. సోఫా దగ్గర్నుంచి వంటింటి గుమ్మం దాకా నడవాలని చూసింది. నాలుగైదుసార్లు ఉండ జారిపోయింది. మా ఆయన చూసి చూసి, తనూ లేచి ఒక ఉండ పెట్టుకున్నాడు. ఇద్దరూ మాట్లాడకుండా, నవ్వకుండా, మడమలు ఈడ్చుకుంటూ హాలు దాటారు. గుమ్మం దగ్గరికి చేరింది మా ఆయన ఒక్కడే. ఆయన ముఖంలో నేను అంతకు ముందు చూడని శ్రద్ధ ఒకటి కనబడింది.

నవంబరులో శాస్త్రవేత్త అక్కడికి వెళ్లింది. మోకాళ్లు సహకరించక కొన్నేళ్లుగా ఆ ప్రయాణం మానేసిన మనిషి. ఈసారి మాత్రం హెలికాప్టర్‌లో చోటు ఇప్పించుకుంది. పక్షులు బెదరకుండా చాలా దూరంలో దిగి నడవాలట. దిగాక ఉపగ్రహ ఫోనులో చేస్తాను, అంది నాతో, పలికితే పలుకుతుంది, లేకపోతే లేదు.

ఆవిడ అక్కడ దిగే ఆదివారం మేనత్తగారు మా ఇంట్లోనే ఉన్నారు. స్కూలు సెలవులు మొదలయ్యాయి కాబట్టి అమ్మాయి కోసం వచ్చి రెండు రోజులు ఉన్నారు. వంటింట్లో చింతపండు పులుసు మరుగుతోంది. పొద్దుటి వాన వెలిసి బయట కోయిలలు గోల చేస్తున్నాయి. ఫోను మోగింది. తెర మీద ఏవో పొడుగాటి అంకెలు.

“వినబడుతోందా?” శాస్త్రవేత్త గొంతు ఆయాసంగా, చాలా దూరం నుంచి, మాటకీ మాటకీ మధ్య ఎడంతో వచ్చింది.

“వినబడుతోంది.”

“నేను మాట్లాడను. వినండి.”

స్పీకర్ నొక్కి ఫోను భోజనాల బల్ల మధ్యలో పెట్టాను. మొదట గాలి. ఆ గాలి లోపల్నుంచి మెల్లగా ఇంకో శబ్దం లేచింది. దాన్ని ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలీదు. వందల బాకాలు ఒకేసారి, ఒక్కొక్కటీ రెండు గొంతులతో, వణుకుతూ, ఆగుతూ, మళ్లీ మొదలవుతూ. వాటి మీద సన్నటి ఈలలు, లెక్కలేనన్ని. మధ్యలో మంచుగోడ ఎక్కడో గుమ్మని మూలిగింది. దాన్ని కొట్టి వెనక్కొచ్చిన ప్రతిధ్వనితో శబ్దమంతా ఇంకోసారి వినబడుతోంది. ఆ గోడే ఇప్పుడు వాటికి గాలి తగలకుండా అడ్డం నిలబడి ఉంది.

మేనత్తగారు వెళ్లి పొయ్యి ఆపి వచ్చారు. మా ఆయన టీవీ కట్టేశాడు. ఎవరూ కూర్చోలేదు.

“విచ్ వన్ ఈజ్ ద బేబీ?” అమ్మాయి గుసగుసగా అడిగింది.

దాని మాట అక్కడికి వినబడి ఉంటుంది. “ఆ ఈలలు. ప్రతి పిల్లకీ ఈల వేరు. ఇంతమందిలో తల్లికీ తండ్రికీ వాళ్ల పిల్ల ఈల ఒక్కటే వినబడుతుంది,” అంది శాస్త్రవేత్త.

నేను తెలుగులో చెప్పబోయేలోగా మేనత్తగారు తల ఊపారు. “శరి. అది నాకు తెలుసు,” అన్నారు. బల్ల అంచు పట్టుకుని, ఫోను వైపే చూస్తూ చెప్పారు. “తైపూసం పండగ రోజున నా పెద్దవాడు తప్పిపోయాడు. చిన్నవాడు, రెండేళ్లుంటాయి. ఎంత కూటం, ఎంత జనం, ఎన్ని మేళాలు. నాకేమీ వినబళ్లేదు, వాడి ఏడుపు తప్ప. అటే పోయాను, ఉన్నాడు.”

ఫోనులో ఆ హోరు ఇంకాసేపు సాగింది. ఉన్నట్టుండి మధ్యలో తెగిపోయింది. మళ్లీ కలవలేదు. ఇల్లంతా ఒక్కసారిగా చాలా చిన్నదైపోయినట్టు అనిపించింది. ఫ్యాను తిరుగుతోంది, కింద ఎవరో సైకిల్ బెల్లు కొడుతున్నారు.

“అందరూ తిన్నారో లేదో,” అన్నారు మేనత్తగారు. కాసేపటికి వెళ్లి పొయ్యి వెలిగించారు.

శాస్త్రవేత్త తిరిగొచ్చాక కొన్ని ఫొటోలు పంపింది. బూడిద రంగు నూగుతో, తెల్లటి ముఖాలతో పిల్లలు, నిటారుగా నిలబడిన పెద్దవాళ్ల కాళ్ల దగ్గర. పోయినేటి కన్నా తక్కువే. దారిలో, ఒత్తుకుని లేచిన మంచు పలకల మధ్య, వదిలేసిన గుడ్లు కూడా కనబడ్డాయట. నేను అడిగాక ఆ ఫొటోలూ పంపింది. ఆకుపచ్చ ఛాయ ఉన్న తెల్లటి గుడ్లు, ఒకదానికొకటి దూరం దూరంగా, అక్కడొకటి ఇక్కడొకటి, అన్నీ ఒకే వైపుకి. నీడలో దాక్కున్న ఆ సందు వైపుకి. వాటిని చూశాక నడకంతా నాకు కళ్లకి కట్టినట్టయింది. ఆ ఫొటోలు అమ్మాయికి చూపించాలా వద్దా అని రెండు రోజులు తటపటాయించి, చూపించాను. చాలాసేపు చూసి, “దే కెప్ట్ వాకింగ్,” అంది, అంతే.

డిసెంబరు చివర్లో వచ్చిన చిత్రంలో సందులో మంచు లేదు. పగిలి సముద్రంలోకి వెళ్లిపోయింది. మరక వెళ్లిపోయింది. మంచుగోడకీ కొండకీ మధ్య నల్లటి నీళ్లు, అంతే. మొదటిసారి చూస్తే ఏదో ఘోరం జరిగిందనుకుంటారు. కానీ అదే సరైన ముగింపు. ఆ పాటికి పిల్లలకి నూగు రాలి ఈకలు వచ్చేస్తాయి. తల్లిదండ్రులు ముందే వెళ్లిపోతారు. ఈత ఎవరూ నేర్పరు, దారి ఎవరూ చూపించరు. ఒకరోజు కాళ్ల కింద నేల పగిలి నీళ్లవుతుంది. దిగి వెళ్లిపోతాయి. అంత చలిని ఓర్చిన ఊరు ఊరంతా, ఒక్క గోడ కూలకుండా, ఒక్క రాయి మిగలకుండా మాయమైపోతుంది. ఆఫీసులో అందరూ కొత్త సంవత్సరం సెలవుల గురించి మాట్లాడుకుంటున్నారు. నేను ఆ నల్లటి నీళ్లని చూస్తూ కూర్చున్నాను. అందులో అవి ఎక్కడో ఉన్నాయి. నా చిత్రాలకి అందవు.

మార్చి, ఏప్రిల్ నెలల్లో సముద్రం మళ్లీ గడ్డకట్టింది. మంచుకొండ కదల్లేదు. చీకటి పడే ముందు వచ్చిన ఆఖరి చిత్రంలో, కొత్తగా కట్టిన పలచటి మంచు మీద, పెద్ద పక్షులు వచ్చి చేరుతున్న జాడ కొద్దిగా కనబడింది. పాత చోటుకి వెళ్లలేదు. నేరుగా ఆ సందులోకే వచ్చాయి. ఎవరు ఎవరికి చెప్పారో.

ఇది రాస్తున్నది జూన్‌లో. యూ టీలో ఫ్యాను గాలి కూడా వేడిగా ఉంది, అమ్మాయి కింద ఆటస్థలంలో ఎవరితోనో పోట్లాడుతోంది. అక్కడ సూర్యుడు లేడు. మగపక్షులు ఈపాటికి గుడ్లు అందుకుని ఉంటాయి. ఏ కన్నూ చూడకపోయినా, చీకట్లో, వీపులు గాలికి పెట్టి, పాదాలు కదపకుండా నిలబడి ఉన్నాయి.